మూసీ వరద రాత్రి మీద రాస్తున్న ఇంటరాక్టివ్ ఫిక్షన్: పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది

గుమాస్తా (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరద నేపథ్యంగా ఒక ఇంటరాక్టివ్ ఫిక్షన్ ఆటను తెలుగులో నేను ఒక్కడినే తయారుచేస్తున్నానని ఇంతకుముందు ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పాను. ఇందులో బొమ్మలు ఉండవు. కొంత చదివి, కింద కనిపించే రెండు మూడు దారుల్లో ఒకటి ఎంచుకుని ముందుకు సాగాలి. పని సగం దాటింది కాబట్టి ఇంతవరకు అయినదేమిటో చెప్పి, నన్ను కదలనివ్వని ఒక చిక్కును మీ ముందు పెడుతున్నాను.

ఆడేవారు బేగంబజారులో ఒక ధాన్యం కొట్టు గుమాస్తా. సొంతూరు నల్లగొండ వైపు. అఫ్జల్‌గంజ్‌లో అద్దె గది. తమ్ముడు జ్వరంతో అక్కడి ఆసుపత్రిలోనే ఉన్నాడు. కొట్టు యజమాని అయిన ఆసామి ఇల్లు నదికి అవతల, పాతనగరం గోడల లోపల. కథ శనివారం, సెప్టెంబరు 26న మొదలవుతుంది. తేదీలు చూస్తే ఆ రోజు కీలక నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, అంటే దేవీ నవరాత్రులు మొదలైన రోజు. 1326 హిజ్రీ రంజాను నెల కూడా ఆ ఒకటి రెండు రోజుల్లోనే మొదలైంది. అమావాస్య వెళ్ళి రెండు మూడు రోజులే అయింది కాబట్టి, మబ్బులు లేకపోయినా ఆ రాత్రులు చీకటి రాత్రులే. ఈ సంగతి తెలిశాక రాత్రి భాగంలో కంటికి కనిపించే వర్ణనలు చాలావరకు తీసేసి, చెవికి వినిపించేవీ కాలికి తగిలేవీ రాస్తున్నాను.

శని, ఆదివారాల భాగాలు పూర్తయ్యాయి. ఆదివారం రాత్రి నుంచి సోమవారం మధ్యాహ్నం వరకు సాగే ప్రధాన భాగం సగంలో ఉంది. ఇలాంటి దారుల కథలు రాయడానికి ఉన్న ఇంక్ అనే కంప్యూటరు భాషలో రాసి బ్రౌజరులో ఆడేలా తయారుచేస్తున్నాను. ఆసుపత్రి ఘట్టంలో ఒక ముక్క మీరే చూడండి:

"వరండా మెట్లు ఆరు. ఇందాక నువ్వు వచ్చినప్పుడు నీళ్ళు రెండో మెట్టు మీద ఉన్నాయి. ఇప్పుడు కాలు కిందికి జార్చి చూస్తే నాలుగోది తగలడం లేదు. లోపల ఎవరో మంచాలు గోడకు చేరుస్తున్న చప్పుడు. తమ్ముడు నీ భుజం పట్టుకుని, 'అన్నా, మనం ఎటు పోతున్నాం?' అని అడిగాడు."

దీని కింద మూడు దారులు ఉంటాయి: తోటలోని చింతచెట్టు వైపు నడవడం, మేడ మీదికి వెళ్ళే మెట్లు వెతకడం, వార్డులో మిగిలినవారిని లేపడం.

ఇక చిక్కు. ఆట పేరులోనే వరద ఉంది. ముందుగా చదివి చూసిన మిత్రులలో చాలామంది శనివారం ఉదయమే తమ్ముణ్ణి బండెక్కించి సికింద్రాబాదు వైపు వెళ్ళిపోయే దారి వెతికారు. ఆ దారి ఇస్తే ఆట పావుగంటలో ముగుస్తుంది. ఇవ్వకపోతే, తెలిసి తెలిసి కాళ్ళు కట్టేశారని ఆడేవారికి కోపం వస్తుంది. సుమారు పదిహేను వేలమంది చనిపోయారు, పందొమ్మిది వేల ఇళ్ళు కూలిపోయాయి, ఎనభై వేలమందికి నిలువనీడ లేకుండా పోయింది. ఇవేవీ నేను మార్చలేను, మార్చకూడదు కూడా. జరగబోయేది ముందే తెలిసిన మనిషికి, జరగబోయేది మార్చలేని కథలో, నిజంగా ఎంచుకోవడానికి ఏం మిగులుతుంది? చరిత్ర మీద ఆటలు రాసినవారు గానీ, కనీసం ఆడినవారు గానీ దయచేసి చెప్పండి.

కవిలెకట్ట

గుమాస్తా గారూ, మీరు పెట్టిన ముక్కలోనే సగం జవాబు ఉందనిపిస్తోంది. ఆడేవారికి వరద వస్తుందన్న సంగతి తెలుసు. ఏ రోజు వస్తుందో కూడా తెలుసు. అయితే ఏ గోడ నిలుస్తుందో, ఏ గోడ కూలుతుందో వారికి తెలియదు. ఆ రాత్రి హైదరాబాదులో ప్రాణాలు నిలవడమూ పోవడమూ చాలావరకు ఈ రెండో సంగతి మీదే ఆధారపడ్డాయి.

పేట్లబురుజు సంగతే తీసుకోండి. కోటగోడ బురుజు కంటే గట్టి చోటు ఎక్కడుంటుందని నమ్మి దాని మీదికి ఎక్కినవారు, గోడ నాని కూలిపోవడంతో దానితోపాటే కొట్టుకుపోయారు. అదే సమయంలో ఆసుపత్రి తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకున్నవారు నూట యాభైమంది దాకా బతికారని చెబుతారు. రాతి బురుజు, చింతకొమ్మ రెండూ ఎదురుగా ఉంటే తెలివైనవాడు దేన్ని ఎంచుకుంటాడు? ఆ రాత్రి తెలివి ఎదురు తిరిగింది. వంతెనలూ అంతే. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొత్తవి, వెడల్పైనవి. నిలిచింది మాత్రం 1578 నాటి పురానాపూల్. నది దాటవలసి వచ్చినవాడికి దగ్గరగా ఉన్న కొత్త వంతెన కావాలా, దూరంగా ఉన్న పాత వంతెన కావాలా అన్న ప్రశ్న మీరు వేయండి. వరద వస్తుందని తెలిసిన పాఠకుడు కూడా అక్కడ తడబడి తీరతాడు.

కాబట్టి, పారిపోయే దారిని దాచవద్దు. తెరిచే ఉంచండి, ఖరీదు కట్టండి. శనివారం నాడు గుమాస్తా చేతిలో ఎంత సొమ్ముంది? బండి కిరాయి హాలీ సిక్కాలో, అంటే నిజాం రాజ్యపు నాణెంలో, ఎంత చెప్పారు? కొట్టు తాళాలు ఎవరికి అప్పగించాలి? జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి వానలో బండెక్కిస్తే ఏమవుతుంది? పండుగ మొదలైన రోజున ఊరు విడిచి పోతానంటే ఆసామి ఏమంటాడు? మూసీ పొంగడం ఆ ఊరికి కొత్త కాదన్నది మరిచిపోకండి. 1831లో పొంగింది, ఐదేళ్ళ కిందట 1903లోనూ పొంగింది. "పోయినసారి కూడా ఇలాగే అన్నారు, నీళ్ళు గడప దాకా వచ్చి వెళ్ళిపోయాయి" అని పొరుగింటి పెద్దాయన చేత ఒక్కమాట అనిపిస్తే, జనం ఎందుకు కదలలేదో పాఠకుడికి అర్థమవుతుంది. ఇంత విన్నాక కూడా కొందరు వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. సోమవారం సాయంత్రం వారిని మళ్ళీ బేగంబజారుకు తీసుకురండి. కొట్టు, గది, పొరుగువారు ఏమయ్యారో వెతుక్కునే కథ కూడా ఆ వరద కథే.

చిక్కుముడి

కవిలెకట్ట గారి మాటకు నా వంతుగా ఆట లోపలి నిర్మాణం చేరుస్తాను. ఎందుకంటే ఈ సలహాను కొమ్మలు కొమ్మలుగా రాయబోతే ఒక్కరి వల్ల తెమిలే పని కాదు. రెండేసి దారులున్న పది ఘట్టాలను దేనికది విడిగా రాస్తే వెయ్యికి పైగా ముగింపులు తేలతాయి. వాటిలో పదో వంతు కూడా ఎవరూ చదవరు.

కథను కొమ్మలుగా కాక, ఊరుగా కట్టండి. ఒక్కో చోటుకు ఒక్కో నాట్ (ఇంక్‌లో పేరు పెట్టి రాసే కథాభాగం) రాయండి: ఆసుపత్రి, చింతచెట్టు, బేగంబజారు, పేట్లబురుజు, పురానాపూల్, కోల్సావాడి పేట. గడియారానికి ఒక వేరియబుల్ (విలువ మారుతూ ఉండే అంకె) పెట్టండి. ఏ పని చేసినా అది కాస్త ముందుకు జరగాలి. ప్రతి చోటుకు ఎత్తును ఒక అంకెగా ఇవ్వండి. ఏ గంటకు నది ఎంత ఎత్తుకు వచ్చిందో ఒక పట్టిక రాసుకోండి. ఆ చోట నిలబడవచ్చా, మోకాటి లోతులో నడవవచ్చా, ఈదక తప్పదా అన్నది ఈ రెండు అంకెలను పోల్చి ఒకే ఒక ఫంక్షన్ తేలుస్తుంది. అప్పుడు వరద అందరికీ ఒకటే అవుతుంది, మనిషి ఉన్న చోటు మాత్రమే మారుతుంది. చరిత్రను మార్చకూడదన్న మీ నియమం దీంతో పాఠానికే కాక లెక్కకూ అందుతుంది. బురుజుకు, వంతెనలకు మాత్రం ఎత్తుతో పాటు పట్టు అని ఇంకో అంకె ఉండాలి. నీటిలో నానిన కొద్దీ అది తగ్గుతుంది. ఆడేవారికి ఎత్తు కనిపిస్తుంది, పట్టు కనిపించదు. కవిలెకట్ట గారు చెప్పిన తడబాటు అక్కడి నుంచే పుడుతుంది.

నది పట్టికను నున్నగా పెరిగే గీతలా రాయకండి. ఆ వరద కథ చెరువుల కథ కూడా. వరద తరువాత వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య తన వివరణలో ఇచ్చిన లెక్క ప్రకారం పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవి, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాదులో ఇరవై నాలుగు గంటల్లో 12.8 అంగుళాలు, నలభై ఎనిమిది గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. పైనున్న చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడి దాన్నీ తెంపుతుంది. కాబట్టి ఊళ్ళోకి నీరు దఫదఫాలుగా, ఉన్నట్టుండి లేస్తుంది. ఆటకు ఇది ఎంతో ఉపయోగం. ఒక గంటసేపు నీరు ఆగినట్టు అనిపించి, జనం కాస్త ఊపిరి పీల్చుకుని సామాన్ల కోసం వెనక్కి వెళ్ళే సమయంలో మళ్ళీ లేవవచ్చు.

ఇంక్‌లో మీకు తెలిసే ఉంటుంది కానీ చదివేవారి కోసం చెబుతున్నాను. ఒక నాట్‌కు ఎన్నిసార్లు వచ్చామో అదే లెక్కపెట్టుకుంటుంది. నక్షత్రం గుర్తుతో రాసిన దారి ఒకసారి ఎంచుకుంటే మళ్ళీ కనిపించదు. కూడిక గుర్తుతో రాసినది నిలిచి ఉంటుంది. ఆసుపత్రికి రెండోసారి వచ్చినవారికి మంచాల చప్పుడు వినిపించకూడదు, మెట్లూ కనిపించకూడదు. దీనికి మీరు విడిగా ఏమీ కట్టనక్కరలేదు.

తెలుగుకు సంబంధించి రెండు జాగ్రత్తలు. ఆడేవారి చేత పేరు టైపు చేయించకండి. సత్యం అని ఇస్తే "సత్యంకి" అని పడుతుంది, దాన్ని "సత్యానికి" చేయడానికి మీరు వ్యాకరణం అంతా ప్రోగ్రాముగా రాయాల్సి వస్తుంది. తమ్ముడు "అన్నా" అంటాడు, ఆసామి "ఏమయ్యా" అంటాడు, ఆసుపత్రి చౌకీదారు "భాయ్" అంటాడు, పేరు లేని లోటు ఎవరికీ తెలియదు. రెండోది అక్షరాలు. బ్రౌజరులో ఉన్నంతకాలం వత్తులూ గుణింతాలూ సరిగానే పడతాయి. ఎవరో చెప్పారని దాన్ని యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేరులోకి మార్చబోతే, అక్షరాలు చూపించే అక్కడి టెక్స్ట్‌మెష్‌ప్రోలో వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. బ్రౌజరులోనే ఉండండి. మండలి వంటి చదువుకోవడానికి అనువైన ఫాంటు పెట్టి, వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ ఇవ్వండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస తలకట్లను తాకుతాయి.

గుమాస్తా

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టు అన్న అంకె కనిపించకుండా ఉండాలన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రాత్రి భాగాన్ని ఆ పద్ధతిలోనే తిరగరాస్తాను.

దీంతో ఇంకో రెండు సందేహాలు వచ్చాయి. ప్రతి వీధికి, ప్రతి గంటకు నీటి ఎత్తు ఎక్కడా రాసి లేదు కదా. నేను పట్టికలో వేసే అంకెల్లో చాలావరకు ఊహే అవుతాయి. పాఠకుడు వాటిని చరిత్రగా తీసుకుంటే? రెండోది, నిజాం మహబూబ్ అలీ ఖాన్ స్వయంగా నది ఒడ్డుకు వచ్చి చీర, కుంకుమ, మంగళద్రవ్యాలు సమర్పించి మూసీని శాంతింపజేశారన్న కథ హైదరాబాదులో అందరి నోటా వినిపిస్తుంది. దాన్ని వదలబుద్ధి కావడం లేదు. అలాగని జరిగినట్టుగా చూపించడానికీ మనసు ఒప్పుకోవడం లేదు.

పురానాపూల్

రెండో సందేహం నుంచి మొదలుపెడతాను. ఆ కథను ఆటలో చూపించకండి, వినిపించండి. మంగళవారం నాడు అన్నం పెడుతున్న చోట వరుసలో నిలబడ్డ ఇద్దరు దాన్ని చెప్పుకోనివ్వండి. ఒకరు చూశానని అంటారు, ఇంకొకరు ఫలానావాళ్ళు చూశారట అంటారు, మూడో మనిషి పెదవి విరుస్తాడు. ప్రజలు తమ ప్రభువు గురించి ఏం నమ్మాలనుకున్నారన్నది చరిత్రే. ప్రభుత్వం అన్నశాలలు తెరిపించడం, దిక్కులేనివారికి ఆశ్రయం ఇవ్వడం నమోదైన విషయాలు, వాటిని సూటిగా చూపించవచ్చు. సరోజినీ నాయుడు సహాయక చర్యల్లో పనిచేశారు, అందుకు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఆమె గానీ, ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ గానీ గుమాస్తాతో నేరుగా మాట్లాడవలసిన అవసరం నాకు కనబడదు. పెద్దవారు దూరం నుంచి కనిపిస్తేనే నమ్మకంగా ఉంటుంది.

ముఖ్యంగా ఒకరి విషయంలో ఈ దూరం పాటించమని గట్టిగా కోరుతున్నాను. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తాను ఒక్కడే బయటపడ్డారు. తరువాత దాని మీద ఆయనే కవిత్వం రాశారు. అలాంటి మనిషిని పాత్రను చేసి, ఆయన నోట మనం మాటలు పెట్టి, ఆయనను కాపాడాలా వద్దా అన్న దారులు ఆడేవారి ముందు ఉంచడం నాకు తప్పుగా తోస్తుంది. కల్పించిన తమ్ముడు ఉన్నాడు, ఆ బరువు అతను మోస్తాడు.

అంకెల సంగతికి వస్తే, నీటి ఎత్తును పాఠంలో అడుగుల్లో చెప్పకండి. మీరే చేసినట్టు మెట్లతో, మోకాళ్ళతో, కిటికీ చువ్వలతో చెప్పండి. లోపల పట్టికలో అంకె ఉంటుంది కానీ పాఠకుడి చేతికి అంకె అందదు. ఆట చివర ఒక పేజీలో ఏది రికార్డులో ఉన్నది, ఏది కల్పన అన్నది దాపరికం లేకుండా రాయండి. ఎవరు చదివినా చదవకపోయినా అది ఉండాలి.

ఇక చిక్కుముడి గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. గడియారం, ఎత్తు, పట్టు అన్నీ బాగున్నాయి. కానీ అవి రాత్రిని ఒక లెక్కగా మార్చేసే ప్రమాదం ఉంది. రెండు మూడుసార్లు ఆడినవారు పేట్లబురుజుకు వెళ్ళకూడదని, చింతచెట్టుకు వెళ్ళాలని కంఠస్థం చేసేస్తారు. అప్పుడు మొదటి సమస్యే తిరిగి వస్తుంది. అందుకని అసలైన ఎంపికలు నీళ్ళు తీసిన తరువాత పెట్టమంటాను. సోమవారం మధ్యాహ్నం గుమాస్తా తిరిగి కొట్టుకు వచ్చాడనుకోండి. గోదాములో అడుగున తడిసిన బస్తాలు, పైవరుసలో తడవని బస్తాలు. ఆసామి జాడ లేదు. వీధిలో ఆకలితో జనం. తలుపు తీస్తాడా? తీస్తే ఖాతా పుస్తకంలో ఏమని రాస్తాడు? పుస్తకమే తడిసిపోతే, ఎవరు ఎంత బాకీ ఉన్నారో జ్ఞాపకం మీద రాయవలసింది అతనే. బాకీదారు పోయిన ఇంట్లో పిల్లలు మిగిలితే ఆ పద్దు రాస్తాడా, మరిచిపోయినట్టు ఊరుకుంటాడా? వరద వస్తుందని ముందే తెలిసి ఉండటం ఇక్కడ ఆడేవారికి పైసా ఉపయోగపడదు. గుమాస్తాను కథానాయకుణ్ణి చేసి, అతని కలానికి పని చెప్పకపోవడం నాకైతే వింతగా ఉంది.

ఇంకొక్క మాట. ఆటను 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్‌తోనో, 1927 నాటి హిమాయత్ సాగర్‌తోనో ముగించకండి. విశ్వేశ్వరయ్య 1909లో వచ్చారు, నదికి ఎగువన జలాశయాలు కట్టాలన్నారు, కట్టారు. ఇది గొప్ప సంగతే. కానీ గుమాస్తాకు ఆ మంగళవారం నాడు అదేమీ తెలియదు. ఆనకట్టతో ముగిస్తే పోయినవారంతా దానికి ముడుపు చెల్లించినట్టు అయిపోతుంది.

చిక్కుముడి

పురానాపూల్ గారి విభేదం న్యాయమైనదే. ఒక సర్దుబాటు చెబుతాను. పట్టు అంకెలను బురుజుకు, వంతెనలకు చరిత్ర ప్రకారం స్థిరంగా ఉంచండి. పేరు లేని ఇళ్ళ మేడలకు, ప్రహరీలకు మాత్రం ప్రతి ఆటకూ మారేలా పెట్టండి. ఇంక్‌లో యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే ఫంక్షన్ ఉంది కనుక ఇది ఒక్క వరుస పని. నమోదైనది మారదు, నమోదు కానిది మారుతుంది. కంఠస్థం చేసినవారికి చెట్టు తెలుస్తుంది, చెట్టు దాకా చేరే మధ్యదారిలో ఏది ఆదుకుంటుందో తెలియదు. ఖాతా పుస్తకం ఆలోచన చాలా బాగుంది. దానికి నాట్లు కూడా అట్టే అవసరం లేదు. రాత్రి గుమాస్తా ఎవరెవరిని కలిశాడో, ఎవరిని వదిలి వచ్చాడో ఇంక్ అప్పటికే లెక్కపెట్టి ఉంచుతుంది కదా. పద్దులు ఆ లెక్క నుంచే పుట్టించండి.

గుమాస్తా

ఖాతా పుస్తకం తీసుకుంటున్నాను. మూడో భాగం మొత్తం దాని మీదే నడుస్తుంది. శనివారం భాగంలో ఆసామి లెక్కలు సరిచూసే ఘట్టం ఒకటి ఇప్పటికే ఉంది. అందులో వచ్చే బాకీదారులనే రాత్రి దారిలో ఎదురయ్యేలా పెడితే రెండు చివరలూ కలుస్తాయి. శనివారం ఊరు విడిచిపోయే దారికి బండి కిరాయి, తాళాల అప్పగింత కూడా చేరుస్తాను. అమ్జద్ గారి ప్రస్తావన ఆటలో ఉండదు, చివరి పేజీలో మాత్రమే ఉంటుంది.

కోల్సావాడి, పేట్లబురుజు నాట్లు పూర్తి కాగానే రాత్రి భాగాన్ని ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల వెబ్‌సైటులో పెట్టి లంకె ఇక్కడ ఇస్తాను. చిన్న తెర ఫోన్లలో చదివేవారు ఎవరైనా ముందుగా చూసిపెడతానంటే చెప్పండి. వరుసల మధ్య ఎడం, దారుల అక్షరాల పరిమాణం నా ఫోనులో సరిగానే ఉన్నాయి కానీ పాత ఫోన్లలో ఎలా పడతాయో చూడాలి.